పాత లైనక్స్ ప్యాకేజీలు: ఎక్కడ దొరుకుతాయి, ఎలా దాచుకోవాలి

ఉబుంటు 22.04 మీద కాస్త పాత ప్రోగ్రామ్ నడపబోతే ‘లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 లేదు’ అంటూ ఆగిపోవడం చాలామంది చూసే ఉంటారు. లిబ్‌ఎస్ఎస్ఎల్ అనేది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో భాగం. ఆ రిలీజ్‌తో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 వచ్చింది, 1.1 వెళ్లిపోయింది. నెట్‌లో వెతికితే జవాబు రెండు ముక్కల్లో దొరుకుతుంది: 20.04 రెపో (ప్యాకేజీలు ఉంచే సర్వరు) నుంచి ఫలానా డెబ్ ఫైలు (ఉబుంటు, డెబియన్ ప్యాకేజీ) దింపి ఎక్కించుకోండి అని. తీరా ఆ లింకు నొక్కితే 404, అంటే ఫైలు లేదని.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే పాత ప్యాకేజీల సంగతి సగం తెలిసినట్టే. 2020 ఏప్రిల్‌లో 20.04 విడుదలైనప్పుడు ఆ ప్యాకేజీ వెర్షన్ 1.1.1ఎఫ్-1ఉబుంటు2. రిలీజ్ పాకెట్‌లో (రెపోలో విడుదల రోజు ప్యాకేజీల విభాగం) ఉన్న ఆ ఫైలు కదలదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సెక్యూరిటీ సవరణకీ చివర చుక్క పెట్టి ఒక అంకె చేరుస్తూ పోయారు. అప్‌డేట్స్, సెక్యూరిటీ పాకెట్లలో మాత్రం ఎప్పుడూ చివరిది ఒక్కటే ఉంటుంది. కొత్త ఫైలు రాగానే ముందుది పూల్ (రెపోలో అసలు ఫైళ్లు ఉండే చోటు) నుంచి పోతుంది. జవాబు రాసినవాళ్లు ఆ రోజుకి సరైన లింకే ఇచ్చారు, మర్నాడో మర్నెలో సవరణ వచ్చింది, లింకు చచ్చిపోయింది. ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. ఎన్నేళ్లయినా పనిచేసే లింకు ఒక్కటే, ఆ మొట్టమొదటి ఫైలుది. అందులో 2020 ఏప్రిల్ తర్వాతి సవరణ ఒక్కటీ లేదు. 404 రాని లింకు దొరికిందని సంతోషపడి దాన్నే ఎక్కించేస్తారు చాలామంది. అలా చేయకండి. పూల్‌లో ఆ ఫోల్డరు తెరిచి, 1.1.1ఎఫ్ వరుసలో చివరి అంకె పెద్దదిగా ఉన్న ఫైలు తీసుకోండి.

డెబియన్ మిర్రర్లదీ (రెపో నకళ్లు పంచే సర్వర్లు) ఇదే పద్ధతి. ఒక్కో సూట్‌కి (స్టేబుల్, టెస్టింగ్ వంటి విభాగం) ఒక్కో ప్యాకేజీ ఒక్కో వెర్షన్. ఆప్ట్ (ప్యాకేజీలు దింపి ఎక్కించే సాధనం) అప్‌డేట్ చేయకుండా నేరుగా ఇన్‌స్టాల్ కొడితే వచ్చే 404 కూడా ఇదే జబ్బు: మీ దగ్గరున్న సూచిక నిన్నటిది, పూల్ ఈవేళ్టిది. మిర్రర్ పని పంచడం, దాచడం కాదు. దాచే చోట్లు వేరే ఉన్నాయి. వాటిలో వెతకాలంటే ముందు మనకు కావలసిన వెర్షన్ ఏదో అక్షరం పొల్లుపోకుండా తెలియాలి.

ఏ వెర్షన్ కావాలి

‘పోయిన వారం దాకా బాగానే నడిచింది’ అనేది వెర్షన్ కాదు. డెబియన్, ఉబుంటు సిస్టమ్‌లలో లాగ్ ఫోల్డరు లోపల డీపీకేజీ (ఆప్ట్ కింద ఉండి డెబ్‌లని ఎక్కించే సాధనం) లాగ్, ఆప్ట్ ఫోల్డరులో హిస్టరీ లాగ్ ఉంటాయి. ఏ రోజు, ఏ వెర్షన్ నుంచి, ఏ వెర్షన్‌కి మారిందో రెండింట్లోనూ ఉంటుంది. పాతవి నెలనెలా జిప్ అయి పక్కకు జరుగుతాయి కాబట్టి జడ్‌గ్రెప్‌తో వాటిలోనూ వెతకండి. ఫెడోరాలో డీఎన్ఎఫ్ హిస్టరీ, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ లాగ్ ఇదే పని చేస్తాయి.

డెబియన్ వెర్షన్‌లో ఒక్కో గుర్తుకీ ఒక్కో అర్థం ఉంది. ముందు కోలన్‌తో వచ్చే అంకెని ఇపాక్ అంటారు. డెబియన్ 12 విడుదలైనప్పుడు అందులో విమ్ వెర్షన్ 2:9.0.1378-2. అందులో 2 ఇపాక్. పూల్‌లో ఉండే ఫైలు పేరులో అది కనిపించదు. ఆప్ట్ క్యాష్‌లోని అదే ఫైలు పేరులో మాత్రం కోలన్ బదులు శాతం గుర్తు, 3, ఏ అని ఉంటుంది. రెండు పేర్లతో ఉన్నా ఫైలు ఒక్కటే. పేరుతో పోల్చేవాళ్లు ఇక్కడే తికమకపడతారు, పోల్చాల్సింది హ్యాష్‌ని (ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్ర). చివర ప్లస్ బీ1 అని ఉంటే సోర్సు (మూల కోడ్) మారలేదు, బైనరీని (దాన్నుంచి తయారైన, నడిచే ప్యాకేజీని) మాత్రం మళ్లీ బిల్డ్ చేశారని. ఆ బైనరీకి సోర్సు వెతికేటప్పుడు ప్లస్ బీ1 తీసేసి వెతకాలి, లేకపోతే ‘లేదు’ అనే జవాబే వస్తుంది. టిల్డా గుర్తు ఉన్న వెర్షన్ అది లేనిదానికంటే చిన్నది. బ్యాక్‌పోర్ట్‌లకి (పాత రిలీజ్ కోసం బిల్డ్ చేసిన కొత్త వెర్షన్లు) టిల్డా బీపీఓ అని పెట్టడం అందుకే, తర్వాత అసలు రిలీజ్‌కి మారినప్పుడు అడ్డు రాకుండా. ఏది పెద్దదో అనుమానముంటే డీపీకేజీకి కంపేర్-వెర్షన్స్ అనే ఆప్షన్ ఉంది, దాన్నే అడగండి.

పేర్లూ మారతాయి. పోతన 2000, వేమన 2000 వంటి మన తెలుగు ఫాంట్లు ఒకప్పుడు డెబియన్‌లో టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్ అనే ప్యాకేజీలో ఉండేవి. తర్వాత ఫాంట్ ప్యాకేజీలన్నిటికీ పేర్లు మార్చినప్పుడు ఇవి ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అయ్యాయి. పదిహేనేళ్ల కిందట పేజీలు కట్టిన పుస్తకం ఫైలు ఇప్పుడు తెరిస్తే లైన్లు వేరేచోట విరిగి, పేజీలు జరిగిపోతే, ఆనాటి ఫాంటు కావాలి. దాన్ని ఇప్పటి పేరుతో వెతికితే ఒక తేదీ దగ్గర చరిత్ర ఆగిపోతుంది. అక్కడినుంచి వెనక్కి పాత పేరుతో వెళ్లాలి. ఇలాంటివాటికి ఒక సుఖం ఉంది: ఫాంట్ ప్యాకేజీలు ఏ ఆర్కిటెక్చర్‌కైనా ఒకటే కాబట్టి ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. డీపీకేజీ-డెబ్‌కి మైనస్ ఎక్స్ ఇచ్చి ఒక ఫోల్డరులోకి విప్పి, ఫాంటు ఫైలుని హోమ్‌లోని ఫాంట్స్ ఫోల్డరులో పెట్టుకుంటే చాలు. ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని ఫాంటుది ఒక్కదానిదే కాదు, హార్ఫ్‌బజ్ వంటి షేపింగ్ లైబ్రరీది కూడా. ఫాంటు మార్చినా అక్షరాలు కుదురుకోకపోతే ఆనాటి సిస్టమ్ మొత్తాన్నీ క్రూట్‌లో (ఒక ఫోల్డరు లోపల వేరే సిస్టమ్ నడిపే పద్ధతి) లేపాల్సిందే. దాని గురించి కింద చెబుతాను.

స్నాప్‌షాట్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్

ఈ రంగంలో ఇంతకు మించిన వనరు లేదు. 2005 మార్చి నుంచి డెబియన్ ఆర్కైవ్ రోజుకి కొన్నిసార్లు ఎలా ఉందో అలాగే భద్రం చేస్తూ వస్తున్నారు. రెండు రకాలుగా వాడుకోవచ్చు.

ఒకటి, ప్యాకేజీ పేరుతో. సోర్సు పేరు గానీ బైనరీ పేరు గానీ ఇస్తే వెర్షన్లన్నీ వరుసగా వస్తాయి. ఒక్కో ఫైలు కిందా దాని షా1 హ్యాష్, మొదట ఏ తేదీన కనిపించిందీ ఉంటాయి. ఫైళ్లను లోపల హ్యాష్ పేరుతోనే దాస్తారు, కాబట్టి మీ దగ్గర పేరు పోయిన డెబ్ ఫైలు ఉంటే దాని షా1 లెక్కకట్టి అడిగినా అదేమిటో చెబుతుంది. కమాండ్ లైన్ నుంచి అయితే డెవ్‌స్క్రిప్ట్స్ ప్యాకేజీలోని డెబ్‌స్నాప్ హాయిగా ఉంటుంది. మామూలుగా ఇస్తే సోర్సు దింపుతుంది. ఆర్కిటెక్చర్ పేరుతో మైనస్ ఏ ఇస్తే బైనరీలు. వెర్షన్ చెప్పకపోతే ఉన్నవన్నీ దింపేస్తుంది, పెద్ద ప్యాకేజీలతో జాగ్రత్త.

రెండోది, తేదీతో. సోర్సెస్ లిస్ట్‌లో మిర్రర్ చిరునామా బదులు స్నాప్‌షాట్ చిరునామా, దాని వెనక తేదీ-సమయం ముద్ర పెడితే ఆ రోజు డెబియన్ మొత్తం మీ ఆప్ట్‌కి కనిపిస్తుంది. ముద్రలో సంవత్సరం నాలుగంకెలు, నెల రెండు, తేదీ రెండు, మధ్యలో టీ, తర్వాత గంటలు నిమిషాలు సెకన్లు, చివర జడ్. సరిగ్గా ఆ క్షణానికి ముద్ర లేకపోతే అంతకు ముందున్న దగ్గరిదానికి పంపుతుంది. జడ్ అంటే యూటీసీ అని గుర్తుపెట్టుకోండి. మీ డీపీకేజీ లాగ్ మాత్రం మన టైములో రాస్తుంది, మనం ఐదున్నర గంటలు ముందున్నాం. లాగ్‌లో 10వ తేదీ తెల్లవారుజాము 3 గంటలకి అప్‌గ్రేడ్ అయిందని ఉంటే అది యూటీసీలో 9వ తేదీ రాత్రి 9:30. 10వ తేదీ పొద్దుటి ముద్ర అడిగితే అప్‌గ్రేడ్‌కి ముందు స్థితి కాదు, తర్వాతిది వస్తుంది.

తేదీ పద్ధతిలో మొదట తగిలే దెబ్బ ‘రిలీజ్ ఫైలు గడువు తీరింది’ అనే ఎర్రర్. రిలీజ్ ఫైలంటే రెపో సూచికల హ్యాష్‌లు, వాటి మీద సంతకం ఉండేది. అన్‌స్టేబుల్, టెస్టింగ్, సెక్యూరిటీ రెపోల రిలీజ్ ఫైళ్లకి వారం గడువు రాసి ఉంటుంది, పాత సూచికని చూపించి మనల్ని ఎవరూ మోసం చేయకుండా. ఇక్కడ పాతదే మనకు కావాలి కాబట్టి ఆ లైన్‌లో డెబ్ అనే మాట పక్కన చదరపు బ్రాకెట్లలో చెక్-వాలిడ్-అంటిల్ ఈక్వల్స్ నో అని పెట్టాలి. ఆప్ట్ మొత్తానికి ఆ తనిఖీ ఆపేసే సెట్టింగ్ కూడా ఉంది గానీ దాన్ని రోజూ వాడే మెషిన్‌లో పెట్టకండి. ఇది గడువు తనిఖీని మాత్రమే వదిలేస్తుంది, సంతకం తనిఖీ అలాగే ఉంటుంది.

రెండో దెబ్బ, వేగం. ఎక్కువ డౌన్‌లోడ్లు ఒకేసారి అడిగితే సర్వరు మిమ్మల్ని నెమ్మదింపజేస్తుంది, కనెక్షన్లు మధ్యలో తెగుతాయి. ఆప్ట్‌లో అక్వైర్ రిట్రైస్ విలువ పెంచి, సమాంతర బిల్డులు తగ్గించండి. రోజూ నడిచే ఆటోమేటిక్ బిల్డుని నేరుగా దీనిమీద ఆధారపెట్టడం సర్వరుకీ మంచిది కాదు, మీకూ కాదు. ఒకసారి దింపి మీ దగ్గర పెట్టుకోండి.

మద్దతు ముగిసిన రిలీజ్‌లు

డెబియన్ రిలీజ్ గడువు ముగిశాక మామూలు మిర్రర్ల నుంచి ఆర్కైవ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్‌కి మారుతుంది. డెబియన్ 9 అలాగే 2023 లో మారింది, దాని మీద నిలబడ్డ డాకర్ (కంటైనర్లు, అంటే విడిగా నడిచే చిన్న సిస్టమ్‌లు కట్టే సాధనం) బిల్డులన్నీ ఆ రోజుల్లో 404 కొట్టాయి. చిరునామా మార్చి, అప్‌డేట్స్ అనే లైన్ తీసేస్తే నడుస్తుంది.

ఇక్కడ సంతకాల దగ్గర చిక్కు వస్తుంది. డెబియన్ ఆర్కైవ్ కీలకు (రిలీజ్ ఫైలు మీద సంతకం చేసేవి) సాధారణంగా 8 ఏళ్ల గడువు. రిలీజ్ ఫైలు మీద సంతకం అప్పట్లో సరైనదే, ఈవేళ కీ గడువు తీరింది, అందుకని ఆప్ట్ ఒప్పుకోదు. పైగా పాత కీలను సిస్టమ్ నమ్మే జాబితా నుంచి తీసేస్తారు. అవి డెబియన్-ఆర్కైవ్-కీరింగ్ ప్యాకేజీలోనే ‘రిమూవ్డ్ కీస్’ అనే వేరే కీరింగ్ (కీల గుత్తి) ఫైలులో ఉంటాయి. దాన్ని జీపీజీవీకి (సంతకాలు సరిచూసే సాధనం) ఇచ్చి రిలీజ్ ఫైలుని చేత్తో తనిఖీ చేయండి: సంతకం సరిపోలడం, కీ గడువు తీరడం రెండూ వేరువేరు సంగతులుగా కనిపిస్తాయి. సంతకం సరిపోలిందని తేలాకే ఆ ఒక్క లైన్‌కి ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్ పెట్టండి. తనిఖీ చేయకుండా ట్రస్టెడ్ పెట్టడమంటే దారిలో ఎవరు ఏ ఫైలు ఇచ్చినా రూట్ అధికారంతో నడపడానికి ఒప్పుకున్నట్టు.

ఉబుంటులో గడువు ముగిసినవి ఓల్డ్-రిలీజెస్ సర్వరులో ఉంటాయి. మధ్యలో వచ్చి పోయిన వెర్షన్ల కోసం ఉబుంటు ప్యాకేజీలు బిల్డ్ అయ్యే లాంచ్‌ప్యాడ్ సైటులో ఆ సోర్సు ప్యాకేజీ పబ్లిషింగ్ హిస్టరీ పేజీ చూడండి. ఉబుంటు-డెవ్-టూల్స్‌లోని పుల్-ఎల్‌పీ-డెబ్స్‌కి పేరు, వెర్షన్ ఇస్తే అక్కడినుంచే దింపుతుంది. మొదట చెప్పిన లిబ్‌ఎస్ఎస్ఎల్‌లో పూల్ నుంచి పోయిన ఫలానా వెర్షనే కావాలంటే సరైన దారి ఇదే. ఉబుంటుకి కూడా ఇప్పుడు స్నాప్‌షాట్ సేవ ఉంది, 2023 మార్చి నుంచి మాత్రమే. 24.04 లోని ఆప్ట్‌కి స్నాప్‌షాట్ అనే ఆప్షన్‌తో ముద్ర ఇస్తే చాలు. పీపీఏల (లాంచ్‌ప్యాడ్‌లో ఎవరికి వారు నడుపుకునే రెపోలు) సంగతి వేరు: కొత్త బైనరీ రాగానే పాతది కొన్నాళ్లకి చెరిగిపోతుంది. పీపీఏ నుంచి తీసుకున్నది ఆ రోజే దాచుకోకపోతే తర్వాత దొరుకుతుందని అనుకోవద్దు. కంపెనీలు సొంతంగా నడిపే రెపోల్లోనూ చాలావాటిలో తాజాది ఒక్కటే ఉంటుంది.

ఆర్‌పీఎం, ఆర్చ్ వైపు

ఆర్‌పీఎం అంటే ఫెడోరా, సెంట్‌ఓఎస్‌ల ప్యాకేజీ ఫైలు. ఫెడోరాలో బిల్డులన్నీ కోజీ అనే బిల్డ్ సర్వరులో జరుగుతాయి. పాతవి అక్కడే దొరుకుతాయి. కోజీ డౌన్‌లోడ్-బిల్డ్ అని ఆర్కిటెక్చర్, పేరు-వెర్షన్-రిలీజ్ కలిపి ఇవ్వండి. ఒక ఇబ్బంది: కోజీలో సంతకం చేసిన కాపీలను కొంతకాలానికి తీసేస్తారు, అప్పుడు దొరికేది సంతకం లేని ఆర్‌పీఎం. రెపో ద్వారా కావాలంటే ఫెడోరా-రెపోస్-ఆర్కైవ్ అనే ప్యాకేజీ ఎక్కిస్తే పాత అప్‌డేట్ల రెపో కూడా అందుబాటులోకి వస్తుంది.

సెంట్‌ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30 తో ముగిసింది. తర్వాత దాని ప్యాకేజీ సాధనం యమ్ ‘మిర్రర్‌లిస్ట్ సర్వరు పేరు దొరకలేదు’ అని మొండికేస్తుంది. నెట్‌వర్క్ పాడైందని గంటలు వెతికేవాళ్లున్నారు. ఆ సర్వరే లేదు. రెపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ లైన్లని కామెంట్ చేసి, బేస్‌యూఆర్‌ఎల్‌ని వాల్ట్ డాట్ సెంట్‌ఓఎస్ డాట్ ఆర్గ్ కింద 7.9.2009 కి తిప్పండి. 8 కైతే 8.5.2111. సెంట్‌ఓఎస్ 5 అంత పాతదైతే దాని ఓపెన్ఎస్ఎస్ఎల్ 0.9.8 కి టీఎల్ఎస్ 1.2 రాదు, ఇప్పటి హెచ్‌టీటీపీఎస్ సర్వర్లతో మాట్లాడలేదు. వేరే మెషిన్‌లో దింపి కాపీ చేయాలి. పాత ఆర్‌పీఎంలను ఆర్‌హెచ్ఈఎల్ 9 తరం సిస్టమ్‌లో తనిఖీ చేస్తే సంతకం చెల్లదనవచ్చు. ఫైలు పాడైందని కాదు, షా1 సంతకాలను ఆ సిస్టమ్ విధానమే ఒప్పుకోదు. తనిఖీ పాత కంటైనర్‌లో చేయండి.

ఆర్చ్ వాళ్లకి ఆర్కైవ్ డాట్ ఆర్చ్‌లైనక్స్ డాట్ ఆర్గ్ ఉంది. ప్యాకేజీ ఒక్కటే అయితే ప్యాక్‌మ్యాన్ మైనస్ యూకి చిరునామా ఇస్తే చాలు. కానీ ఆర్చ్‌లో ఒక్కదాన్నే వెనక్కి లాగితే దాని లైబ్రరీలు ముందుకే ఉంటాయి, విరుగుతుంది. నా సలహా, మిర్రర్‌లిస్ట్‌ని సంవత్సరం-నెల-తేదీ ఫోల్డరుకి తిప్పి మొత్తం సిస్టమ్‌ని ఆ రోజుకి తీసుకెళ్లడమే.

వెనక్కి ఎక్కించేటప్పుడు

డెబ్ ఫైలుని డీపీకేజీ మైనస్ ఐతో కాకుండా ఆప్ట్ ఇన్‌స్టాల్‌కి చుక్క-స్లాష్‌తో ఫైలు పేరు ఇచ్చి ఎక్కించండి. డిపెండెన్సీలు (అది నడవడానికి కావలసిన ఇతర ప్యాకేజీలు) ఆప్ట్ చూసుకుంటుంది. చివర ‘అండర్‌స్కోర్ ఆప్ట్ యూజరు ఫైలుని చదవలేకపోయాడు, రూట్‌గా చేశాం’ అని ఒక గమనిక వస్తుంది, హానిలేనిది. రెపో నుంచే అయితే పేరు పక్కన ఈక్వల్స్ పెట్టి వెర్షన్ ఇవ్వాలి. పిన్నింగ్ (ఏ వెర్షన్‌కి ఎంత ప్రాధాన్యమో ఆప్ట్‌కి ముందే రాసివ్వడం) ద్వారా అయితే ప్రాధాన్యం 1000 గానీ అంతకు మించి గానీ ఉంటేనే ఆప్ట్ వెనక్కి వెళ్తుంది. అందరూ 1001 పెట్టడం అందుకే, 990 పెట్టి ఎందుకు పనిచేయలేదని అడగడమూ అందుకే.

ఒకే సోర్సు నుంచి వచ్చిన బైనరీలన్నీ సాధారణంగా ఒకదాన్నొకటి అదే వెర్షన్‌లో కోరుకుంటాయి. సిస్టమ్‌డీని వెనక్కి తేవాలంటే లిబ్‌సిస్టమ్‌డీ0, లిబ్‌పామ్-సిస్టమ్‌డీ, యూడెవ్, లిబ్‌యూడెవ్1 అన్నీ ఒకే కమాండులో ఇవ్వాలి. వైన్ (విండోస్ ప్రోగ్రాములు నడిపేది) కోసం ఐ386 (32-బిట్) లైబ్రరీలు ఉన్న మెషిన్‌లో ఇంకో మెలిక: మల్టీ-ఆర్చ్ లైబ్రరీ రెండు ఆర్కిటెక్చర్లకీ ఒకే వెర్షన్‌లో ఉండాలి. ఏఎండీ64 (64-బిట్) ది మాత్రమే వెనక్కి లాగితే ఆప్ట్ ఐ386 వైపు సగం సిస్టమ్ తీసేస్తానంటుంది. తొలగించే జాబితా చదవకుండా వై కొట్టకండి.

ఉబుంటు డెబ్‌లని డెబియన్‌లో తెరిచేవాళ్లకి: 21.10 నుంచి ఉబుంటు డెబ్‌లు జడ్‌స్టాండర్డ్‌తో కుదించినవి. డెబియన్ 11 లోని డీపీకేజీకి అవి అర్థం కావు, ‘తెలియని కంప్రెషన్’ అంటుంది. డెబ్ అనేది ఏఆర్ ఆర్కైవ్ మాత్రమే, మూడు ముక్కలు: వెర్షన్ గుర్తు, కంట్రోల్ టార్, డేటా టార్. ఏఆర్‌తో విప్పి, రెండు టార్‌లనీ జడ్‌స్టాండర్డ్ నుంచి ఎక్స్‌జడ్‌కి మార్చి, అదే వరుసలో తిరిగి కట్టాలి. వరుస తప్పితే డీపీకేజీ చదవదు.

డౌన్‌గ్రేడ్‌ని డెబియన్ అధికారికంగా సమర్థించదు, ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ముందుకు వెళ్లడానికే రాసి ఉంటాయి. లైబ్రరీలు, కమాండ్ లైన్ సాధనాలు చాలావరకు బాధపెట్టవు. డేటా ఉన్నవాటితోనే భయం. మరియాడీబీ కొత్త వెర్షన్ తాకిన డేటా ఫోల్డరుని పాత వెర్షన్ చదవకపోవచ్చు, ముందు డంప్ తీయండి. ఫైర్‌ఫాక్స్ 67 నుంచి, కొత్త వెర్షన్‌తో తెరిచిన ప్రొఫైల్‌ని పాత వెర్షన్ ముట్టుకోదు, కొత్త ప్రొఫైల్ అడుగుతుంది. కెర్నెల్‌తో ఈ బాధ లేదు, పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి, బూట్ మెనూలో ఎంచుకోవడమే.

వెనక్కి తెచ్చాక ఆప్ట్-మార్క్ హోల్డ్ (వెర్షన్ మళ్లీ మారకుండా ఆపేది) పెట్టండి, ఎందుకు పెట్టారో ఎక్కడైనా రాసిపెట్టండి. హోల్డ్‌లో ఉన్నదానికి సెక్యూరిటీ సవరణలు రావు. రెండేళ్ల తర్వాత ఆ మెషిన్ చూసేవాళ్లకి కారణం తెలియకపోతే దాన్ని తీయడానికి భయపడతారు.

దాచుకోవడం

క్యాష్ (దింపిన ఫైళ్లని ఆప్ట్ ఉంచే ఫోల్డరు) ఉంది కదా అనుకుంటారు. ఆప్ట్ కమాండు 1.2 వెర్షన్ నుంచి ఇన్‌స్టాల్ అయ్యాక డెబ్ ఫైళ్లని చెరిపేస్తుంది. ఆప్ట్-గెట్ ఉంచుతుంది. రెండింటికీ ఉంచాలంటే ఆప్ట్ సెట్టింగుల్లో కీప్-డౌన్‌లోడెడ్-ప్యాకేజెస్‌ని ట్రూ చేయాలి. ఆటోక్లీన్ ఇంకా పెద్ద శత్రువు: రెపోలో ఇక దొరకని ఫైళ్లని ఏరి మరీ తీసేస్తుంది, అంటే మనకు కావలసినవాటినే. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ (చాలా మెషిన్లకి కలిపి ఒకే క్యాష్ ఉంచే సర్వరు) రోజువారీ శుభ్రత కూడా సూచికలో లేనివాటిని నాలుగు రోజుల గడువు చూసి పంపేస్తుంది. ఆర్చ్‌లో ప్యాక్‌క్యాష్ మామూలుగా మూడు వెర్షన్లు ఉంచుతుంది. క్యాష్‌ని ఆర్కైవ్ అనుకోవద్దు.

డెబ్ ఫైలుని ఒంటరిగా దాచడం సగం పనే. ఆర్‌పీఎంకి సంతకం లోపలే ఉంటుంది, ఆర్చ్ ప్యాకేజీకి పక్కన సిగ్ ఫైలు ఉంటుంది, డెబ్‌కి మామూలుగా ఏదీ ఉండదు. దాని అసలుతనానికి సాక్ష్యం ఒక గొలుసు: ఇన్‌రిలీజ్ ఫైలు మీద డెబియన్ సంతకం, ఇన్‌రిలీజ్‌లో ప్యాకేజెస్ సూచిక హ్యాష్, ప్యాకేజెస్‌లో డెబ్ హ్యాష్. ఒక్క లింకు పోయినా ఐదేళ్ల తర్వాత ఆ ఫైలుని నమ్మడానికి ఆధారం లేదు. అందుకని డెబ్‌తో పాటు ఆ రోజు ఇన్‌రిలీజ్, ప్యాకేజెస్ ఫైళ్లు, కీరింగ్ ఫైలు కూడా అదే ఫోల్డరులో పెట్టండి. మొదటి రెండూ మీ మెషిన్‌లోనే ఉన్నాయి, ఆప్ట్ లిస్ట్స్ ఫోల్డరులో. మర్నాడు ఆప్ట్ అప్‌డేట్ కొడితే పోతాయి, అందుకే ఆ రోజే తీయాలి.

డిపెండెన్సీల దగ్గర అందరూ పొరబడే చోటు: డౌన్‌లోడ్-ఓన్లీ ఆప్షన్ ఆ మెషిన్‌లో లేనివాటినే దింపుతుంది. మీ దగ్గర ముందే ఉన్న లైబ్రరీలు ఆర్కైవ్‌లోకి రావు. డీబూట్‌స్ట్రాప్‌తో (కనీస డెబియన్ కట్టే సాధనం) ఖాళీ క్రూట్ కట్టి అందులో దింపితే జాబితా పూర్తవుతుంది, దానితో పాటు ఆ క్రూట్ కట్టడానికి వాడిన మూల ప్యాకేజీలూ ఉంచాలి. ప్రింట్-యూఆర్‌ఐస్ ఆప్షన్ చిరునామాలనీ హ్యాష్‌లనీ చూపిస్తుంది, దాన్ని ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టుకోండి. ఫెడోరాలో డీఎన్ఎఫ్ డౌన్‌లోడ్‌కి రిజాల్వ్‌తో పాటు ఆల్‌డెప్స్ కూడా ఇస్తే ఇదే ఫలితం.

సోర్సునీ దాచండి: డీఎస్‌సీ, ఒరిజినల్ టార్, డెబియన్ టార్, మూడూ. బైనరీలు ఏదో ఒక రోజు కొత్త మెషిన్‌లో నడవవు. సోర్సు ఉంటే మళ్లీ బిల్డ్ చేసే దారి ఉంటుంది. జీపీఎల్ లైసెన్సు ఉన్నవాటిని ఇతరులకి పంచేవాళ్లకి సోర్సు ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఉంది.

ఈ ఫైళ్లని ఆప్ట్ చదివే రెపోగా కట్టాలంటే చిన్నదానికి డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్ చాలు. మైనస్ ఎమ్ మరవకండి, లేకపోతే ఒక్కో ప్యాకేజీలో అన్నిటికంటే కొత్తదాన్నే సూచికలో రాస్తుంది, ఆర్కైవ్ కట్టిన ప్రయోజనమే పోతుంది. పెద్దదానికి ఆప్ట్‌లీ మంచిది. మిర్రర్ కట్టి, అప్‌డేట్ చేసి, స్నాప్‌షాట్ తీసి, దాన్ని మీ జీపీజీ కీతో పబ్లిష్ చేస్తారు. రెండు స్నాప్‌షాట్లలో ఉమ్మడి ఫైళ్లు డిస్క్ మీద ఒకసారే ఉంటాయి. ఫిల్టర్‌తో పాటు డిపెండెన్సీలూ తెచ్చే ఆప్షన్ వాడితే డెబియన్ మొత్తం దింపక్కర్లేదు. దాని డీబీ క్లీనప్ ఏ మిర్రర్‌లోనూ, లోకల్ రెపోలోనూ, స్నాప్‌షాట్‌లోనూ లేని ఫైళ్లని చెరిపేస్తుంది కాబట్టి స్నాప్‌షాట్ తీశాకే అది నడపండి. రెప్రెప్రో మామూలుగా ఒక సూట్‌కి ఒక వెర్షనే ఉంచుతుంది, ఈ పనికి నేను దాన్ని ఎంచుకోను. ఆర్‌పీఎంలకి డీఎన్ఎఫ్ రెపోసింక్‌ని డౌన్‌లోడ్-మెటాడేటాతో నడపండి, డిలీట్ ఆప్షన్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఎక్కడా దొరక్క, నడుస్తున్న మెషిన్‌లో మాత్రం మిగిలిన ప్యాకేజీకి డీపీకేజీ-రీప్యాక్ చివరి దారి. ఇన్‌స్టాల్ అయి ఉన్న ఫైళ్ల నుంచి డెబ్ తిరిగి కడుతుంది. మీరు మార్చిన సెట్టింగ్ ఫైళ్లు మార్పులతో సహా అందులోకి వస్తాయి, పాస్‌వర్డులు ఉంటే అవి కూడా. హ్యాష్ అసలుదానితో కలవదు. ఫైలు పేరులోనే రీప్యాక్ అని చేర్చి వేరే ఫోల్డరులో పెట్టండి.

అన్నీ పెట్టాక ఫోల్డరు మొత్తానికి షా256 జాబితా రాసి, రెండో కాపీ వేరే డిస్క్ మీద, వీలైతే వేరే ఊళ్లో ఉంచండి. ఆరు నెలలకోసారి ఆ జాబితాతో సరిచూసే పని క్రాన్‌లో (పనులని వేళకి నడిపే సాధనం) పెట్టండి.

ఇక పరీక్ష. నెట్‌వర్క్ లేని కంటైనర్ లేపి, మీ ఆర్కైవ్ ఫోల్డరు మాత్రమే లోపలికి ఇచ్చి, అందులోంచి ఆ ప్రోగ్రామ్ ఎక్కించి నడపండి. ఏ డిపెండెన్సీ మరిచారో అప్పుడే బయటపడుతుంది, మిర్రర్‌లో ఇంకా దొరుకుతూ ఉండగానే. డెబియన్ 7, సెంట్‌ఓఎస్ 6 నాటి కంటైనర్లు ఇప్పటి కెర్నెల్ మీద ఏ సందేశమూ లేకుండా 139 కోడ్‌తో చచ్చిపోతే ప్యాకేజీలని అనుమానించకండి. ఆ కాలపు జీలిబ్‌సీ (ప్రోగ్రాములన్నీ వాడే మూల లైబ్రరీ) వాడే విసిస్‌కాల్ సౌకర్యాన్ని కొత్త కెర్నెల్‌లో ఆపేసి ఉంటారు. హోస్ట్ బూట్ లైన్‌లో విసిస్‌కాల్ ఈక్వల్స్ ఎమ్యులేట్ అని చేర్చి రీబూట్ చేస్తే నడుస్తాయి. అది హోస్ట్ భద్రతని కొంచెం తగ్గించే సెట్టింగ్ కాబట్టి ఈ పనికి విడిగా ఒక వర్చువల్ మెషిన్ పెట్టుకుని, దాని ఇమేజ్‌ని కూడా ఆర్కైవ్ పక్కనే ఉంచండి.